క్లబ్ ఐపీ పెడితే కోత ఎవరికి?

పోయిన సంచికలో ఇంగ్లండు ఫుట్‌బాల్ క్లబ్ షెఫీల్డ్ వెన్స్‌డే దివాలా గురించి వేసిన చిన్న వార్తకి ఎంవీపీ కాలనీ నుంచి గాజువాక దాకా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నిటికి ఇక్కడ జవాబులిస్తున్నాను. ఒకే ప్రశ్న నలుగురైదుగురు అడిగినచోట ఒకరి ఉత్తరమే తీసుకున్నాను.

ప్రశ్న: సర్, షెఫీల్డ్ వెన్స్‌డేకి ఒక్కరోజులో 12 పాయింట్లు కోసేశారు. డబ్బులు కట్టనిది ఓనరు. గ్రౌండులో చెమటోడ్చింది ప్లేయర్లు, టికెట్లు కొన్నది అభిమానులు. ఎవరో చేసినదానికి వీళ్లకి శిక్షేంటి?
— డిగ్రీ విద్యార్థి, ఎంవీపీ కాలనీ

జవాబు: తమ్ముడూ, నీ కోపంలో న్యాయముంది. కానీ ఈ రూల్ ఎందుకొచ్చిందో తెలిస్తే పక్క జట్టు కోపం కూడా అర్థమవుతుంది.

2002లో లెస్టర్ సిటీ క్లబ్ ఇంగ్లండులో అన్నిటికంటే పై డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్ నుంచి కింది డివిజన్‌కి పడిపోయింది. కొత్త స్టేడియం అప్పు నెత్తిమీద ఉంది, టీవీ డబ్బులు తగ్గిపోయాయి, అక్టోబరు కల్లా చేతులెత్తేసి అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది. అంటే బయటి నుంచి ఒక అధికారి వచ్చి క్లబ్ తాళాలు తీసుకుంటాడు, అప్పులవాళ్లెవరూ కేసులేసి ఆస్తులు జప్తు చేయకుండా చట్టం అడ్డుపడుతుంది, ఆ వ్యవధిలో ఆయన కొత్త ఓనర్ని వెతికి, పాత బాకీల్లో ఎంతో కొంత ఇప్పించి, క్లబ్‌ని గట్టెక్కించాలి. లెస్టర్ ఆ దారిలో అప్పుల బరువు దించుకుని, అదే సీజన్లో రెండో స్థానంలో నిలిచి మళ్లీ ప్రీమియర్ లీగ్‌కి ఎక్కేసింది. ఆ ఏడాదంతా ఉన్నదాంట్లో సర్దుకుంటూ, స్తోమతకి మించిన ప్లేయర్ని కొనకుండా, ప్రతి నెలా జీతాలిచ్చి వాళ్ల వెనక నిలిచిన క్లబ్బుల సంగతేంటి? అప్పు ఎగ్గొట్టినవాడు పైకెక్కాడు, కట్టినవాడు కిందే ఉండిపోయాడు. ఆ గొడవలోంచే 2004లో 10 పాయింట్ల కోత పుట్టింది. మొదటి దెబ్బ ఆ ఏడాది డిసెంబరులో రెక్సమ్‌కి తగిలింది. 2015లో దాన్ని 12కి పెంచారు. పన్నెండంటే నాలుగు గెలుపులు.

ఇక షెఫీల్డ్ వెన్స్‌డే. 2025లో నెల తర్వాత నెల జీతాలు ఆలస్యమయ్యాయి, ఓనర్ మీద విసిగిపోయి అభిమానులు మ్యాచ్‌లకి రావడం మానేశారు. అక్టోబరు 24న క్లబ్ అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లగానే 12 పోయాయి. ఎవరికి ఎప్పుడు కట్టాలో అప్పుడు కట్టలేదన్న కేసులో డిసెంబరులో ఇంకో 6 పోయాయి. పాత ఓనర్ మూడేళ్లు ఏ క్లబ్ పగ్గాలూ పట్టకుండా నిషేధం కూడా వచ్చింది. నువ్వడిగిన న్యాయం కొంతైనా ఆ నిషేధంలోనే ఉంది. అన్నట్టు, 12 పాయింట్లు పోయిన రోజే అభిమానులు క్లబ్ షాపు ముందు బారులు తీరి జెర్సీలు కొన్నారు. ఓనర్ పోయాడు, ఇక మన డబ్బు క్లబ్‌కే పోతుందని.

కోత ఎంత లోతుకి దిగుతుందో చూడాలంటే డర్బీ కౌంటీ లెక్క చాలు. 2021–22లో ఆడి సంపాదించినవి 55 పాయింట్లు. అడ్మినిస్ట్రేషన్‌కి 12, పాత లెక్కల్లో రూల్స్ తప్పినందుకు 9, మొత్తం 21 పోగా పట్టికలో మిగిలినవి 34. ఆ 55 ఉంటే హాయిగా గట్టెక్కేవాళ్లు. మేనేజర్ వేన్ రూనీ, ఆ కుర్రాళ్లు చేసిన తప్పేమీ లేదు. అయినా నా మాట ఒకటే, కోత ఉండాలి. అది లేకపోతే అప్పు చేసి కప్పు కొట్టడమే లాభసాటి దారవుతుంది. నా అభ్యంతరం వేరే చోట ఉంది, డాబాగార్డెన్స్ పాఠకుడికిచ్చిన జవాబులో చెప్తాను.

ప్రశ్న: సీజన్ ఆఖర్లో ఎలాగూ కిందికి పోతున్నాం అని తెలిశాక ఐపీ పెడితే కోత వల్ల నష్టమేముంది? ఎవరూ ఈ తెలివి వాడలేదా?
— బ్యాంకు ఉద్యోగి, ద్వారకానగర్

జవాబు: వాడారండీ. 2001లో ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ ఆడిన లీడ్స్ యునైటెడ్, ఆరేళ్లు తిరిగేసరికి, 2007 మే నెలలో, మూడో డివిజన్‌కి పడిపోవడం దాదాపు ఖాయమయ్యాక అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది. 10 పాయింట్లు ఎలాగూ చేజారిన సీజన్లోంచే పోయాయి. లీగ్ వాళ్లు ఊరుకోలేదు. అప్పులవాళ్లతో చట్టప్రకారం ఒప్పందం కుదుర్చుకోకుండా బయటపడిందని తర్వాతి సీజన్ మొదట్లోనే 15 కోశారు. మైనస్ 15తో మొదలుపెట్టిన ఆ జట్టు ఐదో స్థానంలో ముగించి, పై డివిజన్‌కి ఆఖరి చోటు తేల్చే ప్లేఆఫ్ ఫైనల్ దాకా వెళ్లి డాంకాస్టర్ చేతిలో ఓడిపోయింది. ఆ 15 ఉంటే ప్లేఆఫ్ అవసరమే వచ్చేది కాదు.

ఇప్పుడు ఆ కిటుకు పనిచేయదు. మార్చి నాలుగో గురువారం దాటాక దివాలా తీస్తే కోత ఎప్పుడన్నది సీజన్ అయ్యాక తేలుస్తారు. క్లబ్ ఎలాగూ పడిపోయి ఉంటే వచ్చే సీజన్లో కోస్తారు, గట్టెక్కి ఉంటే ఈ సీజన్లోనే కోస్తారు. అంటే దెబ్బ ఎక్కడ తగులుతుందో అక్కడే వేస్తారు. 2020లో విగన్‌కి జరిగింది ఇదే, ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించింది కూడా అదే. క్లబ్ కొత్త ఓనర్ల చేతికొచ్చి కొన్ని వారాలే అయింది, జులై 1న అడ్మినిస్ట్రేషన్! కోవిడ్ వల్ల సీజన్ ఇంకా నడుస్తోంది. ఉద్యోగాలు ఉంటాయో ఊడతాయో తెలియని టెన్షన్‌లో ఆ జట్టు జులై 14న హల్ సిటీని 8–0తో ఓడించింది, హాఫ్‌టైమ్‌కే ఏడు గోల్స్. మామూలుగా అయితే 13వ స్థానం. 12 కోశాక 23వ స్థానం. కిందికి పోయారు. అప్పీలూ నిలబడలేదు.

ప్రశ్న: ఎవర్టన్‌కి, నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కి కూడా పాయింట్లు తీశారు కదా, వాళ్లూ దివాలా తీశారా?
— సీతమ్మధార

జవాబు: లేదు, అది వేరే కేసు. అప్పట్లో ప్రీమియర్ లీగ్‌లో మూడేళ్లకి కలిపి నష్టం పదిన్నర కోట్ల పౌండ్లు దాటకూడదని ఒక గీత ఉండేది. ఆ గీత దాటినందుకు ఎవర్టన్‌కి 2023 నవంబరులో 10 తీసి, అప్పీల్లో 6కి తగ్గించారు, మళ్లీ ఇంకో లెక్కకి 2 తీశారు. అలాంటి కేసులోనే ఫారెస్ట్‌కి 4 తీశారు, కాకపోతే దాని గీత ఇంకా తక్కువ. ఈ రెండు క్లబ్బులూ తమ బిల్లులు తాము కట్టుకుంటూనే ఉన్నాయి. ప్రీమియర్ లీగ్‌లో ఉండగా నిజంగా దివాలా తీసింది పోర్ట్స్‌మత్ ఒక్కటే, 2010 ఫిబ్రవరిలో. దానికి 9 పాయింట్ల కోత పడింది.

ప్రశ్న: అయ్యా, నాది డాబాగార్డెన్స్‌లో జెర్సీలు కుట్టి, నంబర్లు, పేర్లు ప్రింటు వేసే చిన్న యూనిట్. పోయినేడు ఒక టోర్నమెంటుకి సరుకిచ్చాను. లక్షా ముప్పై వేలు బాకీ. ఫోన్ చేస్తే "స్పాన్సర్ డబ్బు రాలేదు" అంటారు. మీ వార్త చదివాక అనుమానం వచ్చింది, ఆ పెద్ద క్లబ్బులు మునిగినప్పుడు నాలాంటివాడికి ఏమైనా దక్కుతుందా? నా బాకీకి దారేమైనా ఉందా?

జవాబు: మొదట ఇంగ్లండు సంగతి, ఎందుకంటే నా అభ్యంతరం సరిగ్గా మీలాంటివాళ్ల దగ్గరే ఉంది.

క్లబ్ మునిగాక మిగిలిన డబ్బు అందరికీ సమానంగా పంచరు. తాకట్టు పెట్టుకున్నవాళ్లు ముందు. ఆ తర్వాత ఫుట్‌బాల్‌కి మాత్రమే ఉన్న రూల్ ఒకటి వస్తుంది. ప్లేయర్ల జీతాలు, ప్లేయర్లని కొన్నందుకు మిగతా క్లబ్బులకివ్వాల్సిన ట్రాన్స్‌ఫర్ బాకీలు పూర్తిగా, నయాపైసాతో సహా కట్టాలి, లేకపోతే క్లబ్‌ని లీగ్‌లోకి రానివ్వరు. లీగ్‌లో చోటు లేకపోతే క్లబ్‌కి విలువే లేదు కాబట్టి కొనడానికొచ్చినవాడు కిక్కురుమనకుండా ఆ బాకీలన్నీ కడతాడు. మిగిలిందేదో మిగతావాళ్లు పంచుకోవాలి. మిగతావాళ్లంటే ఎవరు? ప్రింటింగ్ ప్రెస్సు, క్యాటరింగ్ మనిషి, ప్లంబరు, గడ్డి కోసేవాడు. పోర్ట్స్‌మత్ అప్పులు పది కోట్ల పౌండ్లు దాటాయి, ఆ అప్పులవాళ్ల జాబితాలో మ్యాచ్ రోజున ప్రథమ చికిత్స చేసే సెయింట్ జాన్ అంబులెన్స్ సంస్థ పేరు కూడా ఉంది. గాయపడినవాళ్లని చూసుకునే స్వచ్ఛంద సంస్థకి కూడా బాకీ! చివరికి మామూలు అప్పులవాళ్లతో కుదిరిన ఒప్పందం పౌండుకి 20 పెన్నీలు. అడ్మినిస్ట్రేటర్ వచ్చిన కొద్ది వారాలకే క్లబ్‌లో 85 మంది చిన్నాపెద్దా ఉద్యోగులు ఇంటికి పోయారు. వారానికి వేల పౌండ్లు తీసుకునే ప్లేయర్లకి మాత్రం రూల్ ప్రకారం పూర్తి రక్షణ.

ఈ రూల్‌ని సమర్థించేవాళ్ల వాదనా వినాలి. ఒక క్లబ్ ట్రాన్స్‌ఫర్ డబ్బు ఎగ్గొడితే దాన్ని నమ్ముకుని ఖర్చు పెట్టిన రెండో క్లబ్ కూలుతుంది, తర్వాత మూడోది. అది నిజమే. కానీ జెర్సీల యూనిట్ కూలితే ఎవరికీ పట్టకపోవడం నాకు మింగుడుపడదు. బ్రిటన్ పన్నుల శాఖకీ మింగుడుపడలేదు, కోర్టుకెక్కి 2012లో ఓడిపోయింది. తర్వాత ప్రభుత్వం చట్టం మార్చుకుని 2020 డిసెంబరు నుంచి వ్యాట్ వంటి పన్ను బాకీలకి ముందు వరుసలో చోటు వేసుకుంది. దాంతో చిన్న వ్యాపారి ఇంకో మెట్టు కిందికి జరిగాడు. ఆయన కోసం లీగ్ పెట్టిన షరతు ఒక్కటే, మామూలు అప్పులవాళ్లకి పౌండుకి కనీసం 25 పెన్నీలు వెంటనే, లేదా మూడేళ్లలో 35 పెన్నీలు ఇవ్వాలి. ఇవ్వకపోతే మరో 15 పాయింట్ల కోత. వెయ్యి పౌండ్ల బిల్లుకి 250 చేతికొస్తే అదృష్టం అన్నమాట. నన్నడిగితే పాయింట్ల కోతని ఈ చిన్న బాకీలతో ఇంకా గట్టిగా ముడిపెట్టాలి, ఊళ్లోవాళ్ల బిల్లులు ఎంత ఎక్కువ శాతం కడితే కోత అంత తగ్గాలి. అప్పుడు అభిమానులే కొత్త ఓనర్ని నిలదీసి కట్టిస్తారు.

ఇక మీ లక్షా ముప్పై వేలు. పెద్ద కంపెనీల దివాలా చట్టం మీకు పనికిరాదు, దాని కింద బాకీ కనీసం కోటి రూపాయలుండాలి, ఎగ్గొట్టింది కంపెనీయో ఎల్ఎల్‌పీయో అయి ఉండాలి. మన ఊళ్లో చాలా క్లబ్బులు, టోర్నమెంటు కమిటీలు సొసైటీలుగా రిజిస్టరైనవే, కొన్ని అసలు రిజిస్టరే కానివి. మీకు పనికొచ్చేది చిన్న పరిశ్రమల కోసం చేసిన 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం. మీరు కొని అమ్మేవారు కాదు, కుట్టి ప్రింటు వేసేవారు, అది మీకు అనుకూలం. చిన్న యూనిట్లకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉందా? సరుకివ్వకముందు నుంచే ఉంటే నేరుగా ఎంఎస్ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి, అది ఇలాంటి బాకీలు తేల్చే రాష్ట్ర కౌన్సిల్ ముందుకి వెళ్తుంది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు, లేకపోతే 15 రోజులే, ఆ తర్వాత రిజర్వు బ్యాంకు రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలి. కౌన్సిల్ మీ వైపు తీర్పిస్తే, దాన్ని సవాలు చేయాలన్నా వాళ్లు ముందు 75 శాతం డిపాజిట్ చేయాలి.

రిజిస్ట్రేషన్ లేకపోతే సివిల్ దావా దారి ఉంది, బాకీ పడ్డ నాటి నుంచి మూడేళ్ల గడువు. అంతకంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఫోన్లో అడగడం ఆపి, "మీకు ఇంత ఇవ్వాలి" అని వాళ్ల లెటర్‌హెడ్ మీద ఒక్క వాక్యం రాయించి, తేదీ వేయించి సంతకం తీసుకోండి. గడువు ఆ తేదీ నుంచి మళ్లీ మొదలవుతుంది, "స్పాన్సర్ డబ్బు రాలేదు" అన్న సాకు కూడా అక్కడితో సరి, ఎందుకంటే సరుకు అడిగింది స్పాన్సర్ కాదు, వాళ్లు. ఆర్డర్ పెట్టిన వాట్సాప్ మెసేజీలు, డెలివరీ ఫొటోలు చెరిపేయకండి. ఇకమీదట సగం అడ్వాన్సు చేతికి రాకుండా గుడ్డ కత్తిరించొద్దు.

ప్రశ్న: కంపెనీ మూసేసి కొత్త పేరుతో మళ్లీ క్లబ్ పెట్టుకుంటే పాత అప్పులు గోడకి కొట్టిన సున్నమేనా? రేంజర్స్ అలాగే చేసింది కదా?
— అక్కయ్యపాలెం

జవాబు: స్కాట్లాండ్ క్లబ్ రేంజర్స్ 2012 ఫిబ్రవరిలో అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది, 10 పాయింట్లు పోయాయి, జూన్‌లో పన్నుల శాఖ రాజీకి ఒప్పుకోక పాత కంపెనీ మూతపడింది. కొత్త కంపెనీకి పై లీగ్‌లో చోటివ్వాలా అని మిగతా క్లబ్బులు ఓటేస్తే పది వద్దన్నాయి. నాలుగో డివిజన్ నుంచి మొదలుపెట్టి, 2016లో పైకొచ్చి, 2020–21లో టైటిల్ గెలిచింది. ఇటలీలో పద్ధతి ఇంకా కటువు. 2015లో పార్మా కూలిపోతే కొత్త క్లబ్ నాలుగో స్థాయి నుంచి మొదలైంది, వరసగా మూడు ప్రమోషన్లతో 2018లో పైకి చేరింది. 2002లో ఫియోరెంటినా, 2004లో నాపోలీ కూడా ఇలా కిందినుంచి వచ్చినవే. అభిమానులుంటే క్లబ్ తిరిగొస్తుంది, బాకీ డబ్బు మాత్రం చాలామందికి తిరిగి రాలేదు.

అందుకే ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా 2019లో రూల్ బిగించింది. పేరు, రంగులు, స్టేడియం, ప్లేయర్లు, అభిమానులు ఇవన్నీ పాత క్లబ్‌వే అయితే కాగితం మీద కొత్త కంపెనీ అయినా పాత బాకీకి బాధ్యత దానిదేనంటుంది. కాకపోతే ఇది ప్లేయర్లు, క్లబ్బులు ఫిఫా దగ్గర నడిపే కేసులకే. మళ్లీ చిన్న వ్యాపారి బయటే.

తిరిగి రావడం అందరికీ కుదరదు కూడా. బరీ అన్న క్లబ్ 1885లో పుట్టింది. 2018 డిసెంబరులో ఒక్క పౌండుకి చేతులు మారింది, 2019 వసంతంలో పై డివిజన్‌కి ప్రమోషన్ కొట్టింది, అదే ఏడాది ఆగస్టు 27న డబ్బు ఉందని రుజువు చూపలేక లీగ్ నుంచి బహిష్కరణకి గురైంది. కొనేవాడి దగ్గర నడిపే స్తోమత ఉందా అని అమ్మకానికి ముందు గట్టిగా అడిగి ఉంటే ఈ గతి పట్టేది కాదు. బరీ తర్వాత రేగిన ఆందోళన కొంత పనిచేసి 2025 జులైలో బ్రిటన్ పార్లమెంటు చట్టం చేసి స్వతంత్ర నియంత్రణ సంస్థని పెట్టింది. క్లబ్బులకి ఇక లైసెన్సు ఉండాలి, ఓనర్ డబ్బు ఎక్కడిదో చూస్తారు. కూలాక కోయడం కన్నా ఇది నయం.

ప్రశ్న: మన దేశంలో పాయింట్ల కోత ఎందుకు లేదు? హైదరాబాద్ ఎఫ్‌సీ ఎందుకు పోయింది?
— స్టీల్‌ప్లాంట్ ఉద్యోగి, ఉక్కునగరం

జవాబు: మీ బాధ నాదీనండీ. 2019లో ఆర్థిక ఇబ్బందులతో పుణె సిటీ క్లబ్ మూతపడితే ఆ స్థానంలో వచ్చిందే హైదరాబాద్ ఎఫ్‌సీ. 2021–22లో మన దేశంలో పై ఫుట్‌బాల్ లీగ్ అయిన ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచింది. 2023–24 వచ్చేసరికి జీతాలందక ప్లేయర్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, పాత బాకీలు కట్టేదాకా కొత్తవాళ్లని తీసుకోవద్దని ఫిఫా నిషేధం పెట్టింది, గచ్చిబౌలిలో కుర్రాళ్లతో ఆడించి పట్టికలో అట్టడుగున ముగించారు. 2024లో ఓనర్లు మారారు, 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. తెలుగువాళ్లకున్న ఒక్కగానొక్క ఐఎస్ఎల్ జట్టు అలా పోయింది.

ఆ రోజుల్లో ఐఎస్ఎల్‌లో ఆఖర్న నిలిచినా కింది డివిజన్‌కి పోయే పద్ధతి అమల్లో లేదు, కాబట్టి పాయింట్లు కోసినా ఓనర్‌కి నొప్పి తెలియదు. ఉన్న ఆయుధం ఏటా ఇచ్చే క్లబ్ లైసెన్సే. జీతాల బాకీలుంటే లైసెన్సు రాకూడదు. రానివాళ్లకి మినహాయింపులిచ్చి ఆడనివ్వడం మాత్రం జరుగుతూనే ఉంది, అక్కడే మొత్తం నీరుగారిపోతోంది. మినహాయింపు ఇచ్చే ముందు ప్లేయర్ల జీతాలకి సరిపడా బ్యాంకు గ్యారంటీ రాబట్టాలి. క్రికెట్‌లో ఇది చూశాం. 2012 ఏప్రిల్‌లో డెక్కన్ చార్జర్స్ మన మధురవాడ స్టేడియంలో ఆడింది, సెప్టెంబరులో బోర్డు దాన్ని రద్దు చేసింది, కోర్టు గడువిచ్చినా ఓనర్లు వంద కోట్ల గ్యారంటీ చూపించలేకపోయారు. గ్యారంటీ అడిగితేనే ఎవరి దగ్గర ఎంతుందో బయటపడుతుంది.

ప్రశ్న: మా బాబుకి 17 ఏళ్లు. వేరే రాష్ట్రంలో ఒక క్లబ్ కాంట్రాక్టు ఇస్తామంటోంది. ఇవన్నీ చదివాక భయమేస్తోంది. ఏం చూసుకోవాలి సర్?
— ఒక తల్లి, కంచరపాలెం

జవాబు: భయపడకండమ్మా, కానీ అడగడానికి మొహమాటపడొద్దు. ఆ క్లబ్ మీద ప్లేయర్ల రిజిస్ట్రేషన్ నిషేధం ఉందేమో ఫిఫా వెబ్‌సైట్లో అందరికీ కనిపించే జాబితాలో పేరు వెతకండి. ఈ ఏడు లైసెన్సు నేరుగా వచ్చిందా, మినహాయింపు మీద వచ్చిందా అని అడగండి. పోయిన సీజన్లో అక్కడ ఆడిన ఒకరిద్దరితో బాబుని మాట్లాడించండి, జీతం ఏ తారీఖున పడేదో వాళ్లే చెప్తారు.

18 నిండనివాళ్లకి కాంట్రాక్టు మూడేళ్లకి మించకూడదు. కాంట్రాక్టు అఖిల భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్ రిజిస్ట్రేషన్ వ్యవస్థలో ఎక్కించారో లేదో చూసుకోండి, నోటిమాట ఒప్పందం ఏ కమిటీ ముందూ నిలబడదు. రెండు నెలల జీతం ఆపితే, కట్టమని రాతపూర్వకంగా 15 రోజుల నోటీసిచ్చి, అప్పటికీ కట్టకపోతే కాంట్రాక్టు వదులుకుని వేరే క్లబ్‌కి వెళ్లే హక్కు ఫిఫా రూల్స్‌లో ఉంది, రావాల్సిన డబ్బూ అడగొచ్చు. అలాంటప్పుడు ప్లేయర్ల సంఘం కూడా సాయం చేస్తుంది. హాస్టలు, భోజనం, గాయమైతే వైద్యం ఎవరి ఖర్చో కాంట్రాక్టులోనే రాయించండి. చదువు సంగతి కూడా. సంతకాలైన కాపీ ఒకటి అక్కడికక్కడే చేతికి తీసుకోండి, తర్వాత పంపిస్తామంటే ఒప్పుకోవద్దు.